మైకు వైరు కోసం వేసిన బెజ్జం

మా అన్న కారు పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్కు టిక్కుమనేది. కాసేపు నడిచి ఇంజిన్ వేడెక్కాక ఆ చప్పుడు ఆగిపోయేది. "సూసినవా తమ్మీ, దానంతట అదే సర్దుకున్నది," అనేవాడు అన్న. సర్దుకోవడం కాదు, నా తలకాయ. ఇంజిన్‌లో కాలిన పొగనంతా పోగుచేసి సైలెన్సర్ గొట్టంలోకి పంపే బీడు ఇనుప ముక్కను మేనిఫోల్డ్ అంటాం. అది పగిలింది. వేడికి ఇనుము ఉబ్బి పగులు దగ్గర పడితే చప్పుడు తగ్గుతుంది. పొగ మాత్రం ఎంతో కొంత వస్తూనే ఉంటుంది. చప్పుడు వినపడకపోతే రోగం లేదనుకునే మనుషుల మధ్యే మహబూబాబాద్‌లో నేను మెకానిక్‌గా బతికాను. వాళ్లలో మొదటివాడు మా అన్న.

ఆ కారు నాకంటే వయసులో పెద్దది. గుండ్రటి లైట్లు, ఉబ్బిన బానెట్. మా బాపు నడిపి నడిపి పోయాక అన్న చేతికొచ్చింది. చుట్టుపక్కల పెళ్లికొడుకుల్లో చాలామంది దాని మీదే ఊరేగారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలయ్యాక అన్న పూలదండలు తీసేసి, పైన హారన్లు కట్టించి, దాన్ని మైకు బండి చేశాడు. నడిపేదీ తనే, మాట్లాడేదీ తనే. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకో చేతిలో మైకు. గేరు మార్చాల్సి వస్తే నినాదం సగంలో తెగేది. అందుకని ఊరంతా రెండో గేరులోనే ఈడ్చేవాడు. ఆ నడకకు ఇంజిన్‌కు గాలి తగలదు, పొగ వెనక్కి పోదు.

నాకు మాత్రం రాష్ట్రం వద్దా? సినిమాల్లో మన మాట మాట్లాడేవాడు దొంగో, తాగుబోతో అయి ఉండేవాడు. హాల్లో జనం పడీ పడీ నవ్వుతుంటే చిన్నప్పుడు నేనూ నవ్వి, బయటికొచ్చాక సిగ్గుపడ్డాను. అదే మాట అన్న గొంతులో హారన్లలోంచి వచ్చి బజారు బజారంతా మోగుతుంటే పానా కింద పెట్టి వినేవాణ్ని.

మేనిఫోల్డ్ అతుకు దగ్గరి ప్యాకింగ్ మార్చాను. నాలుగు రోజులు ఆగి మళ్లీ టిక్కుమంది. పగులు మీద వేడికి ఆగే ముద్ద పూశాను, అదీ రాలింది. ఇంకో మేనిఫోల్డ్ దొరుకుతుందేమోనని జనగామ పాతసామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఒకాయన నా చేతిలోని కొలతలు చూసి, "గీ బండి ఇంకా నడుస్తుందా? మ్యూజియంల అడుగు," అని నవ్వాడు. మిగిలింది భూపాలపల్లిలో బీడు వెల్డింగ్ చేసే ఉస్తాద్ ఒక్కడే. కానీ ముక్కను విప్పి అక్కడికి పంపితే అన్నాళ్లూ బండి కదలదు.

అన్నతో చెప్పాను. "బండి నిలబెట్టుడా? రేపు రోడ్లు ఆపి నడిమిట్ల వంటలు పెడుతున్నరు. ఊర్లకు ఎవలు చెప్పాలె? రాష్ట్రం వచ్చినంక నీ ఇష్టం తమ్మీ."

"పొగ లోపలికొస్తే?"

"అద్దాలు దించుకుంట గద."

అప్పట్లో ఆ ఇంట్లో అన్నీ రాష్ట్రం వచ్చినంకే. వదిన పన్ను నొప్పి, వానకు కారే ఇంటి పైరేకులు, అన్న కళ్లద్దాలు, అన్నీ ఆ మాట వెనకాల వరుసలో నిలబడ్డాయి. అన్నది తప్పించుకునే మాట కాదు. నిజంగానే నమ్మాడు. నమ్మాడు కాబట్టే నాకు ఇప్పటికీ అంత కోపం.

సాయంత్రాలు తల పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఒకసారి వాంతి చేసుకున్నాడు. "తిండి తినకుండ గట్ల ఒర్రితే తలకాయ నొయ్యదా?" అని వదిన మజ్జిగ కలిపిచ్చింది. అద్దాలు దించుకుంటున్నాడు కదా అని నేనూ అనుకున్నాను.

ఒకరోజు వాన. యాంప్లిఫయర్ మైక్‌సెట్టు వాళ్లది, తడిస్తే ఊరుకోరు. అన్న అద్దాలన్నీ ఎత్తేసి నర్సింహులపేట దిక్కు పోయాడు. రోడ్డు పక్క పత్తి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు తర్వాత వదినకు చెప్పారు. బండి ఆగి ఉందట. మైకు మోగుతూనే ఉందట. కానీ మాట లేదు. హారన్లలోంచి ఊపిరి మాత్రమే వినపడిందట, గురకలాగా, పొలమంతా. ఇదేందో చూద్దామని వాళ్లు దగ్గరికి పోయారు కాబట్టి అన్న దక్కాడు. డోరు తెరిచి బురదలోకి లాగి పడుకోబెట్టి, ఆటోను ఆపి దవాఖానకు పంపారు.

దవాఖానలో ఆక్సిజన్ గాలి పెట్టారు. అన్న లేచాడు, తిన్నాడు, నర్సుతో పరాచికాలాడాడు. ఇంటికొచ్చాక మునుపటిలాగే ఉన్నాడు. గండం గడిచిందని వదిన ఇల్లంతా కడిగి దీపం పెట్టింది. కొన్ని వారాలు గడిచాయి. తర్వాత అన్న అంగీ గుండీలు ఒకదానికి ఒకటి తప్పి పెట్టుకోవడం మొదలైంది. బజారుకు పోయి దారి తెలియక నిలబడ్డాడు. మైకు ఇస్తే పట్టుకుని అటూ ఇటూ చూశాడు. బండి పొగలో ఉండే ఈ విషపు గ్యాసు కొందరిని వదిలినట్టే వదిలి, తిరిగొచ్చి మెదడును పడుతుందని డాక్టరు చెప్పాడు. మందేంటని వదిన అడిగితే, మందు లేదు, ఒంటరిగా బయటికి పంపొద్దన్నాడు.

అప్పుడు పూర్తిగా విప్పి తీశాను మేనిఫోల్డ్, లోపలి యాంప్లిఫయర్ పెట్టె కూడా. కారు అద్దాలు దించినా అన్నకు తల ఎందుకు నొచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. ఇంజిన్‌కూ సీటుకూ మధ్య ఉండే రేకుకు, యాంప్లిఫయర్ పెట్టె చాటున, ఒక బెజ్జం ఉంది. బ్యాటరీ నుంచి వైరు లాగడానికి మైక్‌సెట్టు మనిషి వేసింది. వైరు సన్నం, బెజ్జం బొటనవేలు పట్టేంత. దాని అంచు చుట్టూ మసి. సరిగ్గా పగులుకు ఎదురుగా ఉంది. ఒక రబ్బరు ముక్క కుక్కితే సరిపోయేది. ఆ రోజు రేకును సుత్తితో ఎన్ని దెబ్బలు కొట్టానో, షెడ్డు ముందు జనం పోగయ్యారు.

ముక్కను భూపాలపల్లి తీసుకుపోయాను. ఉస్తాద్ దాన్ని బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, పగులులో బీడు కరిగించి మాటేసి, చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న బూడిదలో పూడ్చాడు. "జల్దీ చెయ్యకు బేటా. దానంతట అది సల్లగావాలె. ఇప్పుడే తీస్తే పక్కన ఇంకో పగులు," అన్నాడు. ఆ డ్రమ్ము పక్కనే కూర్చున్నాను. అప్పుడే వీధిలో పటాకులు పేలాయి. రాష్ట్రం వచ్చినట్టేనని టీవీలో చెప్పారట. ఎవరో వచ్చి నా మొహాన గులాల్ పూసి గట్టిగా కౌగిలించుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమనుకుని వాళ్లు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

బిగించిన రోజు అన్నను షెడ్డుకు తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఇంజిన్ చల్లగా ఉంది. తాళం తిప్పాను. టిక్కు లేదు. మెత్తగా, ఒకే ఊపున నడుస్తోంది. చప్పుడు వినే అలవాటు ఎక్కడో మిగిలే ఉంది కాబోలు, అన్న తల పక్కకు వంచి చాలాసేపు విన్నాడు. మొహం విప్పారింది.

"మంచిగ చేసినవ్ అన్నా," అన్నాడు నాతో. పుట్టినప్పటి నుంచి నన్ను తమ్మీ అనే పిలిచిన మనిషి. "ఎవలది గీ బండి?"

"మా అన్నది," అన్నాను.

బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు. "జర పైలంగ నడుపుమను మీ అన్నను," అన్నాడు.

సరే చెప్తానన్నాను.