పక్క గది మాస్టారికి టాకోలు

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అతన్ని అందరూ ఎక్కుదిగు బాబాయ్ అనేవారు. అసలు పేరుతో పిలిచేవాళ్లు అక్కడ ఎవరూ మిగల్లేదు. యాభై దాటిన మనిషి. లిఫ్టు పెట్టె నెత్తిన కూర్చుని, నిటారైన చీకటి గోడల మధ్య టార్చి నోట కరుచుకుని, తీగలు చూసుకోవడం అతని పని. పక్క లిఫ్టులో జనం ఎక్కుతూ దిగుతూ మాట్లాడుకునే మాటలు అతనికి వినబడేవి. అతను అక్కడ ఉన్నాడని వాళ్లకు తెలిసేది కాదు.

పెళ్లి అయింది గానీ రెండేళ్లే నిలిచింది. భార్య ఒకరోజు బట్టలు సర్దుకుని, "ఈ ఇంట్లో నువ్వు ఉన్నావో లేవో కూడా తెలియడం లేదు" అని చెప్పి పుట్టింటికి వెళ్లిపోయింది. గొడవ పడి వెళ్లి ఉంటే ఎవరో ఒకరు కూర్చోబెట్టి సర్దిచెప్పేవారు. గొడవే లేకపోయే సరికి ఏం సర్దుకోవాలో అతనికీ తెలియలేదు, చెప్పడానికి పెద్దవాళ్లకూ తోచలేదు.

ఆ తరువాత అతను మూడో అంతస్తులో ఒక వాటాలో గది అద్దెకు తీసుకున్నాడు. ఆ భవనానికి లిఫ్టు లేదు. ఈ సంగతి మీద కంపెనీలో ఏళ్ల తరబడి వేళాకోళం నడిచింది. రెండు గదులు, మధ్యలో ఇరుకు నడవా, చివర ఒకే వంటిల్లు. రెండో గదిలోకి ఆరేళ్ల కిందట లెక్కల మాస్టారు వచ్చారు. ట్యూషన్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. మంచాన పడ్డ తల్లిని చివరి దాకా చూసుకుని, ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక ఇటు వచ్చారట.

వచ్చిన రోజునే మాస్టారు, తాను పుట్టినప్పటి నుంచీ మాంసం ముట్టలేదనీ, ఏమీ అనుకోకపోతే గిన్నెలు వేరుగా పెట్టుకుంటాననీ మొహమాటపడుతూ అడిగారు. అతను సరేనన్నాడు. మాస్టారి గిన్నెలు పై అరలో, అతనివి కింది అరలో. మాస్టారు వండుకుని తన గదిలోకి వెళ్లాకే అతను వంటింట్లో అడుగు పెట్టేవాడు. మాంసం వండిన రోజున తలుపు బిగించి, కిటికీ బార్లా తెరిచేవాడు. ఎవరి కంచం వాళ్ల గదిలోకి వెళ్లిపోయేది. గోడ అవతల చెంచా కింద పడితే అతనికి వినబడేది. మాస్టారు ఏ పూట సరిగా తినలేదో చప్పుళ్లను బట్టి చెప్పగలిగేవాడు. నడవాలో ఎదురుపడితే నీళ్ల గురించి, గ్యాసు బండ గురించి రెండు ముక్కలు. అంతకు మించి మాట సాగేది కాదు. అతనికి జ్వరం వచ్చినప్పుడు ఒకసారి మాస్టారు సూపు కాచి, గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోయారు. అతను తలుపు తీసేసరికి నడవాలో ఎవరూ లేరు.

ఒక సెలవు రోజున అతను అక్క కూతురింటికి వెళ్లాడు. మేనకోడలు టాకోలు చేసి పెట్టింది. మొక్కజొన్న పిండితో చేసిన పలచటి రొట్టెలను డొప్పలా వంచి కరకరలాడేలా కాల్చి, లోపల ఖీమా, కాబేజీ తురుము, టమాటా ముక్కలు కూరి ఇచ్చింది. అతను మాట్లాడకుండా నాలుగు లాగించాక ఆ పిల్ల పక్కున నవ్వింది.

"నువ్వు తిన్నది మాంసం కాదు మామయ్యా."

బఠాణీల్లోంచి తీసిన ప్రోటీనుతో, అచ్చం బీఫ్ ఖీమాలా ఉండేలా తయారు చేశారని చెప్పింది. వేరే ఎవరైనా అయితే ఖాళీ ప్యాకెట్టు చేతికిచ్చినా నమ్మేవాళ్లు కాదు. అతను మాత్రం వెంటనే నమ్మాడు. అయితే మాస్టారు కూడా తినొచ్చన్న మాట అని మనసులో అనుకున్నాడు. వండే పద్ధతి పూసగుచ్చినట్టు చెప్పమని మేనకోడల్ని కూర్చోబెట్టాడు. ఎప్పుడూ దేనికీ నోరు తెరిచి అడగని మామయ్య అలా అడిగేసరికి, ఎవరైనా ఆడమనిషి ఉందేమోనని ఆ పిల్ల ఆరా తీసింది. పక్క గది మాస్టారి కోసమని అతను చెబితే ఆరా మానేసింది. చెప్పిందంతా ఫోనులో రికార్డు చేసి కూడా పంపింది.

ప్యాకెట్టుతో పాటు అతను కొత్త మూకుడు ఒకటి, కొత్త అట్లకాడ ఒకటి కొన్నాడు. మాంసం తగిలిన గిన్నెలో వండి పెట్టడం మోసమవుతుందని అతని ఉద్దేశం. పిలవడం మాత్రం వండటం కన్నా కష్టమైంది. ఎలా అడగాలో మెట్లెక్కుతూ ఒక రకంగా, దిగుతూ ఇంకో రకంగా అనుకున్నాడు. చివరికి నడవాలో మాస్టారు తాళం తీసుకుంటుంటే గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారం మధ్యాహ్నం మీరు వంట పెట్టుకోకండి మాస్టారూ. ఇద్దరికీ నేనే చేస్తాను."

మాస్టారు సందేహంగా చూశారు. అతను గబగబా ప్యాకెట్టు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, చిన్న అక్షరాలన్నీ చదివారు. బఠాణీ ప్రోటీను, కొబ్బరి నూనె, రంగు కోసం బీట్‌రూట్ రసం. పిల్లల లెక్క దిద్దినట్టు వేలు పెట్టి వరసగా చూసుకుంటూ చివరి దాకా వచ్చి, అభ్యంతరపెట్టడానికి ఏమీ కనబడటం లేదన్నారు.

ఆదివారం అతను వంటింటి బల్ల తుడిచి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాడు. ఉల్లిపాయలు సన్నగా తరిగి వేయించి, ఖీమా వేసి, మేనకోడలు చెప్పినట్టు కదపకుండా వదిలేశాడు. అడుగు ఎర్రబడ్డాక విడదీసి, జీలకర్ర పొడి, కారం, టమాటా గుజ్జు వేశాడు. మూకుట్లోంచి ఘుమఘుమలాడుతూ మాంసం వాసనే వచ్చింది. కుదిరిందనుకుని అతను సంబరపడ్డాడు.

మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ద్రాక్షపండ్లతో వచ్చారు, నడవా దాటి రావడమే అయినా. గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. తరువాత వచ్చి కూర్చున్నారు. అతను ఒక టాకో నింపి ఆయన కంచంలో పెట్టాడు. మాస్టారు రెండు చేతులతో ఎత్తి కొరికారు. కొరికిన ముక్క నోట్లోనే ఉండిపోయింది. నమలలేక, మింగలేక, కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి సింకు దగ్గరికి వెళ్లారు. కుళాయి నీళ్లు చాలాసేపు పారాయి.

మాస్టారు మొహం తుడుచుకుంటూ తిరిగి వచ్చి కూర్చున్నారు.

"మీ తప్పు లేదండీ. ఇది మాంసం కాదని బుద్ధికి తెలుసు. నోటికి తెలియడం లేదు."

చెప్పాలా వద్దా అన్నట్టు కంచం వైపు చూసి, "ఇన్నేళ్లుగా నా గదిలోకి వచ్చే వాసన ఇదే కదా" అన్నారు.

తలుపు వేస్తే చాలనుకున్నాడు. తలుపు కింది సందులోంచి, గోడ పైన గాలి కోసం వదిలిన కన్నాల్లోంచి, ఆరేళ్లుగా ఆ వాసన ఆయన మంచం దాకా వెళ్తూనే ఉందన్న మాట. ఆయన ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. దెప్పాలని అనలేదనీ, మాటల్లో వచ్చేసిందనీ మాస్టారు నొచ్చుకున్నారు.

అతను లేచి ఖీమా మీద మూత పెట్టి, ఒట్టి డొప్పలో కాబేజీ, టమాటా, పచ్చి ఉల్లిపాయ వేసి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు. మాస్టారు తిన్నారు. డొప్ప పెళుసుగా విరిగి సగం ఒళ్లో పడితే ఇద్దరూ నవ్వారు. తీగ తెగితే లిఫ్టు నిజంగా కిందపడిపోతుందా అని మాస్టారు అడిగారు. అందరూ అడిగేదే గానీ, జవాబు పూర్తిగా వినేంత తీరిక ఎవరికీ ఉండదు. తీగలు ఒకటి కాదు చాలా ఉంటాయని, అన్నీ తెగినా పట్టుకునే బ్రేకులు వేరే ఉంటాయని అతను చెంచాలూ పళ్లెమూ పెట్టి చూపించాడు. మాస్టారు మధ్యమధ్య ప్రశ్నలు వేశారు. ఎండ కిటికీ దాటి వెళ్లేదాకా కూర్చున్నారు. అంతసేపు తన గొంతు తనకే వినబడటం అతనికి కొత్తగా ఉంది. మిగిలిన ఖీమా ఆ వారమంతా అతనే డబ్బాలో పెట్టుకుని పనికి పట్టుకెళ్లి తిన్నాడు.

ఆ రోజు నుంచి అతను ఇంట్లో మాంసం వండటం మానేశాడు. తినాలనిపిస్తే బయట తినివచ్చేవాడు. అది కనిపెట్టి మాస్టారు మరీ ఇబ్బందిపడ్డారు. మీ ఇంట్లో మీరు నోరు కట్టుకోవడమేమిటని అన్నారు. అతను ఏదో సర్దిచెప్పాడు. ఇంకో ఆదివారం కూర్చుందామని ఇద్దరూ అనుకున్నారు గానీ, ఎవరు ముందు పిలవాలో తేలలేదు.

వేసవి సెలవులయ్యాక ట్యూషన్ సెంటర్ ఊరి ఆ చివరికి మారింది. రెండు బస్సులు మారి వెళ్లి రావడం మాస్టారి వల్ల కాలేదు. అక్కడే గది చూసుకున్నారు. పుస్తకాల పెట్టెలన్నీ అతనే భుజాన వేసుకుని కిందికి దించాడు. ఆటో ఎక్కేముందు మాస్టారు, వీలు చూసుకుని వస్తానన్నారు. ఒకటి రెండు సార్లు ఫోను చేశారు. ఫోనులో ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. బాగున్నారా అంటే బాగున్నాను, అంతే.

చలికాలంలో ఒక పని మీద అతను అటువైపు వెళ్లాల్సి వచ్చింది. పని తొందరగా అయిపోయింది. అడ్రసు వెతుక్కుంటూ మాస్టారుండే ఇంటికి వెళ్లి గంట నొక్కాడు. ఇల్లుగలావిడ తలుపు తీసింది. మాస్టారు పాఠానికి వెళ్లారనీ, వచ్చేసరికి ఆలస్యమవుతుందనీ చెప్పింది. ఎవరు వచ్చారని చెప్పమంటారని అడిగింది.

చుట్టమని చెబుదామంటే చుట్టం కాదు. స్నేహితుణ్ణని అందామంటే, ఆ మాట మాస్టారు ఒప్పుకుంటారో లేదో అతనికి తెలియదు.

"పాత ఇంట్లో పక్క గదిలో ఉండేవాణ్ణి అని చెప్పండమ్మా."

ఆవిడ సరేనని, మంచినీళ్లు ఇచ్చి, వరండాలో కుర్చీ చూపించింది. అతను కాసేపు కూర్చున్నాడు. సన్నగా వాన మొదలయ్యేలా ఉంటే లేచి, గ్లాసు గోడ మీద పెట్టి, బస్టాపు వైపు నడిచాడు.