మా నాయినమ్మ కుస్తీ గుంటలో పడిన సంగతి

మా నాయినమ్మకు చావంటే లెక్కలేదు. పడటమంటే మాత్రం వణుకు. ఆమె యారాలు, అంటే మా తాత అన్నగారి భార్య, బావి దగ్గర నీళ్ల బిందెతో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత రెండేళ్లు మంచంలోనే ఉండి, కోడళ్లు పెడితే తిని, పెట్టకపోతే గోడకేసి చూస్తూ కన్నుమూసింది. ఆ మంచం పక్కన కూర్చుని ఇంటికొచ్చిన ప్రతిసారీ నాయినమ్మ మా అమ్మ వైపు అదోలా చూసేది. మా అమ్మ మంచిదే. కానీ ఆ మంచితనాన్ని మంచంలో పడి పరీక్షించే ఉద్దేశం నాయినమ్మకు లేదు.

మేమప్పుడు అమీర్‌పేటలో ఉండేవాళ్లం. నేత ఊరి నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో గుంట మగ్గం. తాత పొద్దున్నే ఆ గుంటలోకి కాళ్లు దించితే మళ్లీ అన్నానికే లేచేవాడు. యుద్ధం రోజులు కాబట్టి నూలు సరిగా దొరికేది కాదు. నూలు లేని రోజున కూడా తాత గుంటలోనే కూర్చునేవాడు.

నాకు పద్దెనిమిదేళ్లు. పంజగుట్ట వైపు బండల మధ్య ఒక తాలీం ఉండేది, కుస్తీ నేర్పే చోటు. పెంకుల కప్పు, గోడకు హనుమంతుడి పటం, నడుమ ఎర్రమట్టి గుంట. ఆ మట్టిలో పసుపు, నువ్వుల నూనె, మజ్జిగ పోసి తొక్కేవాళ్లం. పహిల్వాన్‌ని అవుదామని చేరితే, ఆరు నెలలుగా ఉస్తాద్ నాకు పడటమే నేర్పుతున్నాడు. గదువ రొమ్ముకు ఆనించాలి, వీపు గుండ్రం చేయాలి, ఊపిరి వదలాలి, తల నేలకు తగలకుండా భుజం మీదుగా దొర్లాలి, అరచేత్తో నేలను చరచాలి. ఇన్ని పనులు ఒకేసారి నాకు చేతనయ్యేవి కావు. చరచడం ఒక్కటే బాగా వచ్చింది. ఆ చప్పుడు చూసుకుని ఇంటికొచ్చి గొప్పలు కొట్టేవాణ్ని.

ఆ గొప్పలే కొంప ముంచాయి. ఒకరోజు అన్నం తింటూ, ఎంత ఎత్తు నుంచి పడేసినా మా తాలీం వాళ్లకు ఎముక విరగదని కోశాను. నాయినమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచి, ఆ పడేదేదో తనకు కూడా నేర్పమంది. నవ్వాను. ఆమె నవ్వలేదు. నేర్పకపోతే, తాలీంకని చెప్పి నేను ఎన్ని పొద్దులు పంజగుట్ట బండల మీద సీతాఫలాలు తింటూ కూర్చున్నానో తాతకు చెబుతానంది. ఆమెకెలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు.

తాలీంలో ఆడవాళ్ల నీడ కూడా పడకూడదని ఉస్తాద్ నియమం. అయితే మధ్యాహ్నం అక్కడ ఎవరూ ఉండరు, ఎవరి పనులకు వాళ్లు పోతారు. తలుపుకు ఉన్నది గొళ్లెమే. కట్టెలు ఏరుకొస్తానని నాయినమ్మ బయలుదేరేది, మోపు మోయడానికని వెనక నేను. లోపలికి పోగానే ఆమె హనుమంతుడికి దండం పెట్టి, జర అటు చూడు సామీ అని బతిమాలి, పటాన్ని గోడవైపు తిప్పేది. తర్వాత చీర గోచి బిగించేది.

మొదట గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం, తర్వాత వంగి, తర్వాత నిలబడి. అరవై దాటిన మనిషి. నేను ఆరు నెలల్లో నేర్వనిది మూడు వారాల్లో నేర్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. పైగా నాకే తప్పులు దిద్దేది.

ఒక్కటే చిక్కు. తాను పడితే గిడితే బావి దగ్గరే పడతాను కాబట్టి బిందె పట్టుకునే పడి చూస్తానంది. మట్టి తడపడానికి తాలీంలో ఒక ఇత్తడి బిందె ఉండేది. అది చంకలోకి రాగానే ఆమె నేర్చిందంతా ఎగిరిపోయేది. నేలను చరచాల్సిన చెయ్యి బిందెను పొదువుకునేది. మోచెయ్యి కొట్టుకుపోయేది, మోకాలు కొట్టుకుపోయేది, బిందెకు మాత్రం గీత పడేది కాదు. వదిలెయ్యమని నేను మొత్తుకుంటే, వదలాలనే ఉంటుంది కానీ చెయ్యి వినదని చెప్పేది.

ఈలోగా నాయినమ్మ చీర పసుపు, నూనె వాసన కొడుతోందని తాత కనిపెట్టాడు. తనను వదిలేసి ఎవరింట్లోనో పెళ్లి భోజనాలు చేసి వస్తోందని తీర్మానించి రెండు రోజులు అలిగాడు. కట్టెల మోపు రోజురోజుకీ చిక్కిపోతోందని కూడా అన్నాడు.

ఒక పొద్దున ఉస్తాద్ పారతో మట్టి తిరగేస్తుంటే ఏదో తళుక్కుమంది. తీసి తుడిచి చూశాడు. వెండి మట్టె, పెళ్లయిన ఆడమనిషి కాలి వేలిది.

గోచీలతో పదిహేను మందిమి వరుసగా నిలబడ్డాం. ఉస్తాద్ మట్టెను అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కరి ముఖం ముందుకూ తెచ్చాడు. మాలో పెద్దవాడొకడు, పెళ్లి కుదిరినవాడు, మహా సిగ్గరి. దాన్ని చూడగానే అతని చెవుల దాకా ఎర్రబడ్డాయి. ఇంకేం, అందరూ అతనే అనుకున్నారు. రేపు పొద్దున హనుమంతుడి ముందు నిజం చెప్పకపోతే పిల్ల వాళ్లింటికి తానే పోయి ఈ సంగతి చెబుతానన్నాడు ఉస్తాద్. ఆ మట్టె ఎవరిదో నాకు తెలుసు. కాబోయే పహిల్వాన్‌ని, మా నాయినమ్మను తీసుకొచ్చానని పదిహేను మందిలో ఎలా చెప్పను?

ఇంటికి పోతే నాయినమ్మ కాలి వేలికి గుడ్డ కట్టుకుని ఉంది. దెబ్బ తగిలిందని తాతను నమ్మించిందట. మట్టె పోతే మొగుడికి మంచిది కాదని ఆమె భయం. రెండు రాత్రులుగా నిద్ర లేదు. నేను జరిగిందంతా చెప్పాను. మట్టె దొరికినందుకు సంతోషిస్తుందనుకుంటే నెత్తిన ఒక్కటి మొట్టింది. పెళ్లి కావలసిన పిల్లగాని మీద నింద పడుతుంటే ఊరికే ఎట్లా నిలబడ్డావని అడిగింది.

మర్నాడు తెల్లవారగానే, అందరూ ఉన్న వేళ, ఆమె తాలీం గడప ముందుకొచ్చి నిలబడింది.

"గా మట్టె నాది," అంది.

"గుంటలకెట్లొచ్చిందవ్వా?" అని అడిగాడు ఉస్తాద్.

"పడ్డ. నెల దినాల సంది పడుతున్న."

నవ్వబోయినవాళ్లు ఉస్తాద్ ముఖం చూసి ఆగారు. నేను ఒక లావుపాటి వీపు వెనక్కి జరిగాను. నాయినమ్మ తన యారాలి సంగతి చెప్పింది, ఆ రెండేళ్ల మంచం సంగతి చెప్పింది. ఉస్తాద్ గడప దగ్గర్నుంచి పక్కకు జరిగి, పడి చూపించమన్నాడు.

హనుమంతుణ్ని తిప్పే వీలు ఈసారి లేదు. ఆమె గోచి బిగించి, గుంటలో నిలబడి, వెనక్కి పడింది. గదువ ఆనింది, వీపు గుండ్రంగా దొర్లింది, అరచెయ్యి నేలను చరిచింది. ఉస్తాద్ నెమ్మదిగా నా వైపు తిరిగాడు. ఆ చూపు గురించి రాయను.

బిందె చిక్కు కూడా ఆమే చెప్పుకుంది. ఉస్తాద్ బిందె ఇచ్చి పడమన్నాడు. పొదువుకునే పడింది. అతను ఆ బిందెను ఆమె చేతిలోంచి తీసుకుని, తలుపు బయట బండకేసి కొట్టాడు. ఇంత లోతున సొట్ట పడింది. నాయినమ్మ అబ్బా అంది, దెబ్బ తనకే తగిలినట్టు.

"బిందె ఇంకోటొస్తది అవ్వా. తుంటి రాదు," అన్నాడు.

మళ్లీ పడమన్నాడు. నాలుగోసారికి బిందె ఆమె చేతిలోంచి ఎగిరిపోయి పెళ్లికొడుకు మోకాలికి తగిలింది. పాపం, అతని వంతుకు అది కూడా వచ్చింది. ఉస్తాద్ మట్టె తిరిగిచ్చేస్తూ, పటం రోజూ వంకరగా ఎందుకుంటోందో ఇప్పటికి తెలిసిందన్నాడు. మధ్యాహ్నాలు తాము ఎలాగూ ఉండమని కూడా అన్నాడు. ఆ రోజు నుంచి అందరూ పోయాక మట్టి గుల్ల చేసి, తడిపి పెట్టే పని నాకు పడింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున బావి వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. అందరం పరుగెత్తాం. తాత కూడా మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు, అన్నం వేళ కాకుండానే. నాయినమ్మ పాచి పట్టిన బండ పక్కన బురదలో కూర్చుని ఉంది. తాత భయంతో ఏమడగాలో తోచక, బిందె ఏదని అడిగాడు.

నాయినమ్మ రెండు ఖాళీ చేతులూ పైకెత్తి చూపించింది.

"బాయిల పడ్డది. ఇడిసిపెట్టిన," అంది.

నేను అందరి ముందూ ఏడ్చేశాను. లేపుదామని మా అమ్మ చెయ్యి అందించింది. నాయినమ్మ ఆ చెయ్యి పట్టుకోకుండా, తనంతట తానే లేచి, చీర దులుపుకుని ఇంట్లోకి నడిచిపోయింది.