షోకాజ్ నోటీసుకి నీళ్లు ఎలా చూపించాలి?

ఈ రోజు నాలుగింటికి నాగమణి మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు ఇక్కడే తాడేపల్లిగూడెంలో ఒక హాస్టల్లో వంట చేస్తోంది. పోయిన నెల తల్లికి ఒంట్లో బాగోలేదని కొల్లేరు లంకలో ఉన్న పుట్టింటికి వెళ్లింది. వరద నీరు దారిని ముంచెయ్యడంతో తొమ్మిది రోజులు అక్కడే చిక్కుకుపోయింది. తిరిగొచ్చాక చేతిలో షోకాజ్ నోటీసు పెట్టారు. అంతా ఇంగ్లీషే. జవాబుకి గడువు ఈ సాయంత్రం అయిదు.

"షో అంటే చూపించడం అని మీరే చెప్పారు కదండీ మేష్టారూ. ఇప్పుడు ఆ నీళ్లు ఎలా చూపించనండీ? వరద తీసేసింది కదండీ!" అంటూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. వారం నుంచీ ఇదే దిగులట.

"చూపించడం కాదమ్మా. ఎందుకు రాలేకపోయావో కారణం చెప్పమన్నారు, అంతే," అన్నాను.

"చెబితే నమ్ముతారాండీ?"

జరిగింది జరిగినట్టు తెలుగులోనే రాసి, సంతకం పెట్టించి, స్కూటర్ మీద హాస్టల్ ఆఫీసుకి తీసుకెళ్లాను. అయిదుకి పది నిమిషాలుందనగా గుమస్తా కాగితం అందుకుని, "సార్ చూస్తారు" అన్నాడు.

సార్ వచ్చి ఏదో ఒకటి చెప్పేదాకా వరండాలోంచి కదలనంది నాగమణి. ఎంత చెప్పినా వినలేదు. నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. రాత్రి భోజనం ముందునుంచి లేచి ఇది రాస్తున్నాను.

వంటమనిషి బతుకుతెరువు తేల్చే కాగితాన్ని ఆమెకి వచ్చిన భాషలో రాస్తే ఏం పోతుందండీ? తెలిసినవాళ్లెవరైనా చెప్పండి.