ఒక్క సాయంత్రాన్ని మరవడానికి

తలకు దెబ్బ తగిలినవాళ్ల జ్ఞాపకశక్తిని పరీక్షించడం వేలూరులో నా ఉద్యోగం. మరుపు నిజమా, నటనా అని తేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. కొన్ని బొమ్మలు చూపించి, కాసేపాగి, ఒక్కోదాన్నీ కొత్త బొమ్మ పక్కన పెట్టి, ఇందాక చూసింది ఏదని అడగాలి. ఏమీ గుర్తులేనివాడు గుడ్డిగా వేలు పెట్టినా సగం సరిపోతాయి. అంతకంటే బాగా తగ్గితే, సరైనది తెలిసే పక్కదాన్ని చూపిస్తున్నాడని అర్థం.

గుడియాత్తం నుంచి వచ్చిన ఆ రైతు దాదాపు అన్నీ తప్పే చూపించాడు. మోర్ధానా నుంచి బావమరిదితో బండి మీద వస్తూ పడ్డాడు. బావమరిది పోయాడు. ఇతని గాయం మానింది కానీ, పొద్దున ఏం తిన్నాడో కూడా తెలియదనేవాడు. కొడుకును పోగొట్టుకున్న అత్తగారే క్యారియర్ పట్టుకుని అతని వెంట వచ్చేది.

ఆమెను బయట కూర్చోబెట్టి తలుపు వేశాను.

"ఇన్ని తప్పులు చెయ్యాలంటే మంచి జ్ఞాపకం ఉండాలప్పా," అన్నాను.

తల దించుకున్నాడు. "మా బామ్మర్ది పడినచోటే పోయినాడని ఆ యమ్మకు చెప్పి ఉండారు సార్. పోలేదు. శానాసేపు ఉన్నాడు. అమ్మా, అమ్మా అని పిలస్తానే ఉన్నాడు. ఆ యమ్మ అడిగితే ఏమని చెప్పేది?"

"దానికి అన్నీ మరిచిపోవాలా?"

"ఆ ఒక్క సాయంత్రమే మరిచిపోయినా అంటే ఎవరు నమ్ముతారు సార్?"

తలకు దెబ్బ తగిలినవాళ్లు మామూలుగా మరిచిపోయేది ఆ కాస్త సమయాన్నే. అంతవరకే చెప్పి ఉంటే నా గదిదాకా వచ్చేవాడే కాదు. ఆ మాటే అతనికి చెప్పాను. మేలు చేస్తున్నాననుకున్నాను.

తలుపు తీయగానే, "అత్తా, అంతా గ్యాపకం వస్తా ఉండాది. ఆ సాయంత్రం మాత్రం లేదు," అన్నాడు.

"అయితే నిన్న కొళంబులో ఉప్పు లేనిది కూడా గ్యాపకం ఉండాదా? నోరు మూసుకుని తింటివే!" అందామె. ముగ్గురం నవ్వాం.

రిటైరయ్యాక గుడియాత్తం బస్టాండులో ఆమె కనిపించింది. అల్లుడు సేద్యం చూసుకుంటున్నాడట.

"ఆ సాయంత్రం ఇంకా గ్యాపకం రాలేదంటాడు సార్. ఇంక రాదా?"

"రాకపోతే ఏమమ్మా, వింటే బాధే కదా."

"బాధ నాకు కొత్తా నాయనా? ఆ పొద్దు నాకూ నా కొడుక్కూ మాటా మాటా వచ్చినాది. కోపంతో అన్నం తినకుండా పోయినాడు. ప్రాణం పోయే ముందు నన్ను తలుచుకున్నాడో లేదో, అదొక్కటే నాకు కావాల."

జవాబు నాకు తెలుసు. కానీ అది మూసిన తలుపు వెనక అల్లుడు నాతో చెప్పుకున్నది. నా నోటితో చెప్పకూడదు.

ఆ వారమే అతన్ని వెతుక్కుంటూ పొలానికి వెళ్లి, ఆమె అడిగింది చెప్పాను. గట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఇన్నేండ్లు లేదు లేదని చెప్పి, ఇప్పుడు వచ్చిందంటే యట్ల నమ్ముతాది సార్? 'నన్ను ఓదార్చేదానికి చెప్తా ఉండావులే నాయనా' అంటాది."