ఒక్క పక్కే కారిన ముక్కు

మా వంశంలో కళాశాల మెట్లెక్కిన మొదటివాడిని నేను. మద్రాసులో బి.ఏ. పరీక్షలు వ్రాసి, గిద్దలూరు స్టేషనులో దిగి ఇల్లు చేరిన ఆ వేసవిలో, మావాళ్ళు నన్ను అడగని విషయం లేదు. ఎద్దు మేత మానినా, బావిలో నీళ్ళు రంగు మారినా నా ముఖమే చూసేవారు. తెలియదని చెప్పే ధైర్యం ఆ రోజుల్లో నాకు లేకపోయింది.

మా ఇంట్లో బూడిదరంగు పిల్లి ఒకటి ఉండేది. విత్తనపు గింజలకు అదే కాపలా. పగలు మా వదిన బిడ్డ ఉయ్యాల కింద పడుకునేది. ఒక ఉదయం అది తెరలు తెరలుగా తుమ్మడం చూసి నాయన నన్ను పిలిచాడు.

"ఏమప్పా, పట్నంలో చదివొచ్చినావు గదా. దీనికి ముక్కు కారతా ఉండాది. బిడ్డకేమన్నా అంటుకుంటుందా?"

నేను చదివింది చరిత్ర. అయినా వంగి, పిల్లి ముక్కుమీద వేలుంచాను. చల్లగా, తడిగా తగిలింది. ఆ తడినే రోగమని భావించి, "ఇది అంటుజబ్బే నాయనా" అని తేల్చి చెప్పాను.

నాయన వెంటనే పిల్లిని గోతంలో వేసి మూతి కట్టాడు. గిద్దలూరికి పోయే బండిలో తీసుకుపోయి, దారిలో ఎక్కడో వదిలి రావాలని ఆయన నిశ్చయం. గోతంలో అది అరుస్తూ ఉంటే మూతి విప్పేద్దామనిపించింది. కాని అన్న మాట వెనక్కు తీసుకోలేకపోయాను.

నాయన తల్లి, మా జేజి, పంచలో శెనక్కాయలు ఒలుస్తూ ఉన్నది. చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఏందిరా ఆ గోతం?"

"పిల్లికి జబ్బంట. వీడు చెప్పినాడు."

"ఎట్ల కనుక్కున్నావురా?"

"ముక్కు తడిగా ఉంది జేజీ."

"పిల్లి ముక్కు తడిగా కాక పెనంమాదిరి ఉంటదా? నీకు పదేండ్లొచ్చేదాకా ముక్కు కారతానే ఉండె. నిన్నెవరూ గోతంలో కట్టలేదే!"

వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జేజి గోతం విప్పి, పిల్లిని పాతచీర పేలికలో చుట్టి, వెలుగుకు తిప్పి చూసింది.

"తడి వేరు, కారేది వేరు. జలుబైతే రెండు పక్కలా కారతది. దీనికి కుడిపక్కే కారతా ఉంది. కండ్లు తేటగా ఉన్నాయి. రాత్రి పాలు గూడా తాగింది. లోపల ఏందో ఇరుక్కోని ఉంది."

మా ప్రాంతపు సేద్యగాళ్ళ మొలతాడుకు ముళ్ళు తీసే చిన్న చిమటా వేలాడుతూ ఉంటుంది. జేజి చెయ్యి చాచింది. నాయన తన చిమటా విప్పి ఇచ్చి, పిల్లి కాళ్ళు పట్టుకున్నాడు. ముక్కు అంచున కనబడీ కనబడని మొనను పట్టి, జేజి మెల్లగా లాగింది. సన్నని గడ్డిముల్లు, చివర చిన్న రక్తపు చార. వారం కిందటే కొట్టానికి కొత్త బోదగడ్డి కప్పించాము. ఎలుకకోసం ఆ కప్పులో తల దూర్చి, పిల్లి దాన్ని ముక్కున తెచ్చుకున్నది.

బండి పిల్లి లేకుండానే గిద్దలూరికి పోయింది. అయినా నాయనకు అనుమానం తీరలేదు. కారడం ఆగేవరకు అది కొట్టంలోనే ఉండాలన్నాడు. ఆ రెండు రోజులూ నేను గంటకొకసారి కొట్టంలోకి వెళ్ళి దాని ముక్కు చూసి వచ్చేవాణ్ణి. పరీక్షల ఫలితాలకోసం కూడా నేను అంతగా ఎదురుచూడలేదు.

మూడోనాడు ఉయ్యాల ఉన్న గది తలుపు దగ్గర నాయన ఆగాడు.

"అమ్మా, ఇంక రానీయనా?"

"నన్నడగతావేంది? బి.ఏ. వాణ్ణి అడుగు," అన్నది జేజి, శెనక్కాయల చాటలోనుంచి తల ఎత్తకుండానే.

నేను నేలమీద కూర్చుని, పిల్లి ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒక పక్క, తరువాత రెండో పక్క, చాలాసేపు చూశాను. కారడం లేదు. వేలుంచితే చల్లని తడి తగిలింది.

"రానీయి నాయనా," అన్నాను.