ముత్తాత చేతులకి పది వేళ్లు

మా అన్నయ్య ఇంట్లో, హాలు గోడకి ముత్తాత ఫోటో ఉంది. ముసలయ్యాక బిష్టుపూర్‌ బజార్లో స్టూడియోకి వెళ్లి తీయించుకున్నది. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లించి, మనమేదో తప్పు చేసినట్టు చూస్తుంటాడు. ఆ ఫోటో కింద కూర్చోబెట్టి పెద్దవాళ్లు మాకు చెప్పిన కథ ఒకటే. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీవాళ్ల ఉక్కు కార్ఖానా ఊరికి ఒంటరిగా వచ్చాడట. బొగ్గు దింపేచోట ఒక వ్యాగన్ దానంతటదే దొర్లుకుంటూ వచ్చిందట. పట్టాల మీద ముగ్గురు ఆడకూలీలున్నారట. ఈయన చక్రం కింద చెక్క దిమ్మ దూర్చి ఆపాడట. ఎడమచేతి రెండు వేళ్లు పోయాయట.

నేనూ నా పిల్లలకు ఈ కథ చెప్పాను. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఫోటోలో పది వేళ్లూ ఉన్నాయి. నాకు అరవై రెండేళ్లొచ్చాయి, ఒక్కరోజు కూడా వాటిని లెక్కపెట్టలేదు.

ముత్తాతకి ముందొక భార్య ఉండేదని, మా తాతను కన్నది ఆమేనని మాకు తెలుసు. ఆ తాతమ్మ గురించి మా ఇంట్లో ఒక్క ముక్కే చెప్పేవాళ్లు: లేచిపోయింది. ఎవరితో, ఎక్కడికి అని అడిగితే నెత్తిన మొట్టికాయ పడేది.

అన్నయ్య మనవరాలి ఉద్యోగం దరఖాస్తుకి, మేం తరతరాలుగా ఇక్కడే ఉన్నామని చూపించే పాత కాగితం అవసరమైంది. ముత్తాత పేరున ఒక్క చీటీ కూడా దొరకలేదు.

"రైల్వే ఆఫీసులో కాగితాల్తోనే బతికినావు కదే. నువ్వే ఎతుకు" అన్నాడు అన్నయ్య.

బాగ్‌బేరాలో మన తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. ఒకామె పర్సుడీహ్‌లో ఉన్న ఒక ముసలమ్మను అడగమంది. ఆమెకు ఎనభై అయిదు దాటాయి. మా పుట్టింటి ఇంటిపేరు చెప్పగానే చెయ్యి పట్టుకుంది.

"బండి కింద సెయ్యెట్టినామె మునిమనవరాలివా నువ్వు?"

నాకు అర్థం కాలేదు. మా ముత్తాత కదా అన్నాను. ముసలమ్మ నవ్వింది.

"మీ ముత్తాత అప్పటికి ఊర్నించి రానేదు. పిల్లోడ్ని సంకనేసుకుని ఈమే ముందొచ్చింది. బొగ్గు దింపే రేజా పని, ఆడకూలీ పని. ఆ ముగ్గుర్లో మాయమ్మ ఒకర్తి. ఆనక ఈమె కబురెడితే మొగుడొచ్చినాడు. ఆ సేత్తో ఒండింది తిన్నేనన్నాడు. ఇంకొకర్తిని తెచ్చుకుని, కొడుకుని ఉంచేసుకుని, ఈమెని బయటికి తోసేసినాడు. మాయమ్మ మా యింటికి తీసుకొచ్చింది. నన్ను సాకింది ఆమే."

ట్రంకు పెట్టె తీసి ఒక పాసు నా చేతిలో పెట్టింది. పనిలోకి వెళ్లడానికి కాంట్రాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన పాసు. తాతమ్మ పేరు, వేలిముద్ర. గుర్తులు అన్నచోట, ఎడమచేతికి చివరి రెండు వేళ్లు లేవని రాసి ఉంది.

ఆటో ఎక్కాక నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇంట్లోంచి గెంటారు. కొడుకుని లాక్కున్నారు. చివరికి ఆమె చేసిన సాహసాన్ని కూడా ఊడబెరికి, ఆమె వంట తిననన్నవాడికి కట్టబెట్టారు. పైగా ఆమెకు లేచిపోయిందన్న పేరు. పర్సుడీహ్ ఏమన్నా సముద్రాల అవతల ఉందా? ఆమె బతికినన్నాళ్లూ అరగంట దూరంలోనే బతికింది. మా తాతకు తెలియదా? మా నాన్నకు తెలియదా? తెలిసే నోరు మూసుకున్నారు. ఆ ఇద్దరినీ నేను ఇప్పటికీ క్షమించలేదు.

మహాలయ అమావాస్యకి మా ఇంట్లో పెద్దలకు కొత్త బట్టలు పెడతాం. ముత్తాతకి పంచె, రెండో భార్యకి చీర. ఈసారి నేనొక ఎర్రంచు నేతచీర కొని తీసుకెళ్లాను. పాసు అన్నయ్యకి చూపించి, జరిగిందంతా చెప్పి, చీర ఫోటో ముందు పెట్టాను. కళ్లజోడు లేకపోతే అక్షరం కనపడని అన్నయ్య, అది పెట్టుకుని పాసు రెండుసార్లు చదివాడు, ముఖం వెలిగింది. తర్వాత చీర తీసి సోఫాలో పడేశాడు.

"ఏటే ఇది? లేచిపోయినదానికి సీరెడతామా?"

"లేచిపోలేదు. ఆ ఫోటోలో వేళ్లు లెక్కెట్టు అన్నా."

"పాత ఫోటో. సరిగ్గా అగుపించదు."

మనవరాలు లేచి ఫోటో దగ్గరికెళ్లింది. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "పూరే దస్ హై, పదీ ఉన్నాయి తాతా" అంది.

అన్నయ్య ఫోటో వంక చూడలేదు, పాసు వంక చూశాడు. తర్వాత బేరం ఆడేవాడిలా గొంతు తగ్గించాడు. "ఫారంలో రాసుకుందాం. పెద్దల్లో మాత్రం వొద్దు."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో సీసంలా ఉంది. ఉద్యోగానికి పనికొచ్చింది, దణ్ణానికి పనికిరాలేదు. నేను చీరా, పాసూ సంచిలో వేసుకుని బయటికొచ్చేశాను. వెనకాలే మనవరాలు స్కూటీ తీసింది. ఇద్దరం పర్సుడీహ్ వెళ్లాం.

ముసలమ్మ ఇంట్లో గూట్లో దీపం వెలుగుతోంది. దాని ముందు పసుపు రాసిన చీర ఒకటి మడతపెట్టి ఉంది.

"ఎవరికమ్మా?" అన్నాను.

"ఇంకెవరికి, ఆమెకే. మాయమ్మెట్టేది, ఇప్పుడు నేనెడతన్నాను" అంది. నా చీర అందుకుని దాని మీద పెట్టింది. "ఈపాలి రెండు."

మా ఇంటి పెద్దకి పరాయి ఇంట్లో ఇన్నేళ్లుగా చీర పెడుతున్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మనవరాలు అక్కడే నేల మీద కూర్చుని, ఫారం తీసి, పాసు చూస్తూ తాతమ్మ పేరు రాసింది. తెలుగు సరిగ్గా పలకడం రాని పిల్ల, ఆ పేరు సరిగా పలికానా అని ముసలమ్మను మూడుసార్లు అడిగింది.

ఫారం కింద ఇంటి పెద్ద సంతకం చెయ్యాలి. మర్నాడు మనవరాలు దాన్ని అన్నయ్య ముందు పెట్టింది. ఆ పేరు సంతకానికి సరిగ్గా పై గీతలో ఉంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను.

అన్నయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టి, సంతకం చేశాడు.