ఫిన్నీ తీసిన జూబిలీ ఫోటో

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపే ఫిన్నీ వల్ల ఆ చుట్టుపక్కల చచ్చినవాళ్లకు కూడా తీరిక ఉండేది కాదు. మనవడి పెళ్లికి తాత రావాలి, బారసాలకు ముత్తవ్వ రావాలి. అందుకని అక్కడివాళ్లు గ్రూపు ఫోటోకి నిలబడేటప్పుడే రాలేనివాళ్లకు చోటు వదిలి నిలబడేవారు. "ఇక్కడ మా సిన్నాన్న వస్తాడు" అంటూ గాలి భుజం మీద చెయ్యి వేసి నవ్వేవారు. తరవాత ఫిన్నీ ఏ పాత ఫోటోలోంచో ఆ చిన్నాన్నను కత్తిరించి తెచ్చి, స్టూడియోలో ఉన్న ఒకే ఒక్క నీలం కోటు తొడిగి, ఆ చేతి కింద నిలబెట్టేవాడు. ఒక పెళ్లి ఫోటోలో అప్పలసూరి తండ్రి ఎంత నిక్షేపంగా కుదిరాడంటే, అది చూసిన చౌకడిపో డీలరు, ముసలాయన బియ్యానికి రావడం మానేశాడేమని కబురు పెట్టాడట. ముసలాయన పోయి అప్పటికి పదేళ్లు.

ఫిన్నీ తన జీవితంలో అతికించిన ఫోటోలన్నిటిలోకీ పెద్దది చర్చి గోడ మీద ఉంది. అది 2014లో చర్చికి యాభై ఏళ్లు నిండినప్పటి జూబిలీ ఫోటో.

ఆ ఆదివారం కుండపోత వాన. నాగావళి పొంగి పాస్టరు గారు అవతలి ఒడ్డున ఉండిపోయారు. ఫిన్నీ కెమెరాని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని చర్చికి వెళ్లేసరికి లోపల ఉన్నది సీతమ్మ ఒక్కతే. మొదటి బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. వచ్చినందుకు ఒక ఫోటో నొక్కి ఫిన్నీ ఇంటికి పోయాడు.

మర్నాటి నుంచి ఒక్కొక్కరే స్టూడియోకి రావడం మొదలుపెట్టారు. మొదట సంఘం సెక్రటరీ కృపారావు మాస్టారు వచ్చారు. "వాన వల్ల రాలేకపోయానయ్యా. నా ఒక్కడి మూలాన ఫోటో బోసిపోకూడదు. ఎవరికీ చెప్పకు." ఆయన వెళ్లగానే చినబాబు వచ్చాడు. అతనూ తానొక్కడినే రాలేదన్నాడు. ఇలా వారం తిరిగేసరికి సంఘమంతా వచ్చి, తామొక్కరమే రాలేదని చెప్పి వెళ్లారు. ఫిన్నీ అందరినీ పెళ్లి ఆల్బముల్లోంచి తెచ్చి వరసల్లో నిలబెట్టాడు. అంత కళకళలాడే ఫోటోలో కళ్లు మూసుకున్న మనిషి బాగోదని సీతమ్మను తీసేశాడు. మూడేళ్లుగా సీతమ్మ కనబడిన ప్రతివాడితోనూ "జూబిలీకి నానొచ్చినాన్రా" అంటూనే ఉంది. వాళ్లు గోడ మీద ఫోటో చూపించి జాలిపడేవారు. "మామ్మకు మతిమరుపు."

2017లో, క్రిస్మస్ దగ్గర పడుతుండగా, పక్కనున్న కొత్తవలసలో ధర్మేంద్ర అనే లారీ ఓనరు ఇంట్లో పాత ఫోన్ చిప్పు ఒకటి దొరికింది. దాంట్లో ఉన్న వీడియోని వాట్సాప్‌లో పెట్టాడు. అది అతను అమ్మవారి మొక్కు తీర్చిన నాటి విందు. రొమ్ముకు డప్పులాంటి రేకు గుండు కట్టుకుని, వానలో తప్పెటగుళ్లు వాయిస్తూ తాటి ప్రమాణం గెంతుతున్న మనిషి రాబర్టు. అతను చర్చి క్వయిరు మాస్టారు, ఫిన్నీకి సొంత బావ. వెనక ఫ్లెక్సీ మీద తారీఖు కొట్టొచ్చినట్టు ఉంది. సరిగ్గా జూబిలీ ఆదివారం.

అమ్మవారికి కోసిన పోతుమాంసం తిని గెంతినవాడు క్రిస్మస్ పాటలు ఎలా నడిపిస్తాడని కృపారావు గారు కమిటీ పిలిచారు. ఫోటోలో రెండో వరసలో ఉన్న రాబర్టు వీడియోలోనూ ఎలా ఉన్నాడో ఫిన్నీ తేల్చాలి. వీడియో నిజమైతే రాబర్టు చేతిలోంచి క్వయిరు కర్ర లాగేస్తారు. ఆ కర్ర లేకపోతే రాబర్టుకు అన్నం సయించదు. నిద్రలో కూడా చెయ్యి ఊపుతూనే ఉంటాడు.

"తమ్ముడా, మీ బావ పరువు నీ సేతిలో ఉన్నాది" అంది రాబర్టు భార్య ప్రిస్కిల్లా.

"నువ్వు గెంతినావా బావా?"

"గెంతినాన్రా. ఎలగ గెంతినాను? బాగున్నాదా?" అన్నాడు రాబర్టు ఆశగా.

ఫిన్నీ రాత్రి వీడియోని కంప్యూటర్‌లో వేసి ఎంత గాలించినా అతుకు దొరకలేదు. అడుగు పడినచోటే నీళ్లు చిందుతున్నాయి, చెయ్యి తగిలినప్పుడే గుండు మోగుతోంది. అది ముమ్మాటికీ నిజం. అయినా మెడ దగ్గర అతుకు ఉందని చెప్పేసి బావను గట్టెక్కిద్దామనుకున్నాడు.

కమిటీ రోజు చర్చి గోడ మీద వీడియో వేశారు. "నోటిమాట కుదరదు. అతుకు ఎక్కడుందో చూపించు" అన్నారు కృపారావు గారు.

ఫిన్నీ వీడియో ఆపి రాబర్టు మెడను పెద్దది చేశాడు. "ఈ అంచు సూడండి, కొంచెం మసగ్గా..." ఇంకా పెద్దది చేశాడు. మెడ పక్కనుంచి ఒక నల్ల గొడుగు వచ్చింది. గొడుగు కింద ఒక ముఖం వచ్చింది. ముఖానికి అడ్డంగా, నోట్లో మూలుగు బొమిక ఉంది.

"ఎవరయ్యా ఆ తిండిపోతు?" అన్నారు కృపారావు గారు.

ఫిన్నీ ఆ ముఖాన్ని ఇంకాస్త పెద్దది చేశాడు. "తమరేనండి."

కృపారావు గారు గోడ మీది జూబిలీ ఫోటో వైపు వేలు చూపించారు. "నేనక్కడ ఎలా ఉంటాను? ఫోటోలో ఇక్కడున్నానుగా!"

"అందుకేనండీ, వీడియో అతికించిందని తెలిసిపోయింది" అన్నాడు ఫిన్నీ.

వెనక బెంచీ నుంచి చినబాబు లేచాడు. "ఒరే ఫిన్నీ, ఆ గొడుగు పక్కకి జరపకు!" ఆ కంగారులో ఫిన్నీ చెయ్యి జరగనే జరిగింది. గొడుగు పక్కన చినబాబు, అతని పక్కన ఖజానాదారు, ఆయన వెనక ఆదివారం బడి టీచర్లు, అందరి చేతుల్లోనూ విస్తళ్లే. ఎవరికి వారు గొడుగు అడ్డం పెట్టుకోవడం వల్ల ఒకరినొకరు చూసుకోలేదు గానీ, కెమెరా అందరినీ చూసింది.

"కట్టెయ్!" అన్నారు కమిటీ అంతా ఒక్క గొంతుతో. క్వయిరు కూడా ఏనాడూ అంత శ్రుతిగా పలకలేదు.

కృపారావు గారు గొంతు సవరించుకున్నారు. "ఒక్కడుంటే నమ్మవచ్చు. ఇంతమంది పెద్దమనుషులు ఒకేచోట ఉన్నారంటే ఇది పచ్చి అబద్ధపు వీడియో. రాబర్టు నిర్దోషి."

నిర్దోషి ఊరుకున్నాడా? చివాల్న లేచాడు. "అదేటండీ! అంత బాగా గెంతితే అతికించిందంటారేటి? ఆ గెంతు నాదే..." ప్రిస్కిల్లా అతనికి పెట్టిన తొడపాశానికి మిగతా మాట కెవ్వుగా మారింది. దాన్ని కమిటీ కృతజ్ఞతగా రాసుకుంది.

అప్పుడు మొదటి బెంచీ మీంచి సీతమ్మ అంది. "అందులో అందరూ ఉన్నారు, నాను లేను. ఇందులోనూ అందరూ ఉన్నారు, నాను లేను. మరి ఆ పొద్దు నానెక్కడున్నాన్రా ఫిన్నీ?"

ఫిన్నీ వంగి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. కృపారావు గారు మాత్రం చప్పున, "మామ్మను కూడా ఎక్కించెయ్యవయ్యా, ఏం పోయింది" అన్నారు.

ఆ వారమే ఫిన్నీ అసలు ఫోటో వెతికి, సీతమ్మను ఆమె కూర్చున్న బెంచీతో సహా మొదటి వరసలో పెట్టాడు. రంగు మార్చలేదు. కళ్లు తెరిపించలేదు. నీలం కోటు జోలికి పోలేదు.

క్రిస్మస్ నాడు రాబర్టు కర్ర ఊపి పాటలు నడిపించాడు. మధ్యలో రెండుసార్లు కాళ్లు నేల విడిచాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఆరాధన అయ్యాక అరసవల్లి నుంచి వచ్చిన చుట్టాలు జూబిలీ ఫోటో ముందు నిలబడ్డారు. వరసల్లో అందరి ముఖాలూ పెళ్లి ఫోటోల లైటుకు మెరుస్తున్నాయి. ఒక్క సీతమ్మ మీదే వాననాటి మసక వెలుతురు.

"అంతా బాగున్నాది గానీ, ఈ ముసలామెను అతికించినార్రా. తెలిసిపోతన్నాది. కళ్లు కూడా మూసుకునే ఉన్నాది సూడు" అన్నాడు వాళ్లలో ఒకడు.

పక్కనే కేకు తింటున్న సీతమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఏటి బావూ, మీ ఊళ్లో కళ్లు తెరిసి పేర్థన సేస్తారేటి?"